పాడేటాయన ఎక్కడ కూసున్నడు

పెళ్లయిన రెండు నెలల్లో నా భర్త గురించి నేను కనిపెట్టిన సంగతులు చాలానే ఉన్నాయి. చాయ్‌లో ముంచిన బిస్కెట్‌ని సరిగ్గా విరిగిపడే ముందు పైకి తీయగలడు, ఒక్కసారి కూడా గురి తప్పడు. పళ్లు తోముకుంటూ కూడా నాతో మాట్లాడతాడు, నురగ గోడ మీద పడినా సరే ఆపడు. నడిచేటప్పుడు ఎప్పుడూ నాకు ఎడమవైపే ఉంటాడు, నేను అటు మారితే చుట్టూ తిరిగి వచ్చి మళ్లీ ఎడమవైపే చేరతాడు. ఇంత మాటకారి కారెక్కితే మాత్రం నోరు విప్పడు.

ఈ చివరి సంగతి నాకు మింగుడు పడలేదు.

మా ఆయన పేరు సాయితేజ. ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజర్. మిర్చి బస్తాల మధ్య రోజంతా తిరిగి ఇంటికొస్తే ఆ ఘాటు చొక్కాతోపాటు వస్తుంది. కాబట్టి మా ఇంట్లో నేను తుమ్మితే ఆయన వచ్చాడని లెక్క. నాది నర్సంపేట. హనుమకొండలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. పెళ్లయిన వారానికే మా ఆడబిడ్డ కాన్పుకని అత్తమ్మ పరకాల వెళ్లింది, ఇంకా రాలేదు. అంచేత ఇంట్లో ఉండేది మేమిద్దరమే. చిన్న కారొకటి ఉంది, తేజ పెళ్లికి ముందే సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. దాన్ని చూసుకుని నేను పొంగిపోయినంతగా దాని మొదటి యజమాని కూడా పొంగిపోయి ఉండడు.

ఒక ఆదివారం రామప్ప గుడి చూద్దామని పాలంపేట బయలుదేరాం. నేను ఎక్కేదాకా కారులో పాట మోగుతూనే ఉంది. ఎక్కి కూర్చోగానే తేజ పాట ఆపేశాడు. ఎప్పుడూ అంతే. తనొక్కడే వెళ్లేటప్పుడు పాటలు పెట్టుకుంటాడు, నేనెక్కితే ఆపేస్తాడు. సరే, మాట్లాడుకోవడానికేమో అనుకుని నేను మొదలుపెట్టాను. కాలేజీలో స్టాఫ్‌రూమ్ గొడవలు చెప్పాను. నా చిన్నప్పుడు మా ఊళ్లో పత్తి లారీ ఎక్కి దిగలేక ఏడ్చిన కథ చెప్పాను. ములుగు దాటేదాకా చెప్పాను. ఆయన రోడ్డు చూస్తూ అప్పుడప్పుడు "ఊ" అన్నాడు. లారీ కథలో నేను ఏడ్చిన చోట కూడా చిరునవ్వుతో "ఊ" అన్నాడు.

గుడి దగ్గర దిగగానే మళ్లీ మామూలు మనిషైపోయాడు. ఒక్కో శిల్పం ముందు నిలబడి ఏదో ఒకటి చెబుతూ నన్ను నవ్వించాడు. తిరుగు ప్రయాణంలో పొలాల పక్కన వెళుతుండగా ఇక ఉండబట్టలేక అడిగేశాను, నేను ఎక్కువ మాట్లాడి విసిగిస్తున్నానా అని.

నావైపు తిరిగి ఎంతో ప్రేమగా నవ్వి, "ఊ" అన్నాడు.

ఇంటికొచ్చాక నేను ఆ మాట ఎత్తలేదు. ఆయన చేసిన ఉప్మా తిన్నాను, బాగుందన్నాను, నిజంగానే బాగుంది. కానీ ఆ "ఊ" నన్ను వదల్లేదు. మనిషి మంచివాడు, ఇంట్లో నా కబుర్లు ఓర్చుకుంటున్నాడు, కారులో తప్పించుకునే దారి లేక పాపం నిజం చెప్పేశాడు అనుకున్నాను. నా మాటలు ఆయనకి నచ్చకపోతే నాలో ఇక మిగిలేదేముంది? నేను మాటలతో తయారైనదాన్ని.

రెండు రోజులు ఆలోచించి ఒక ఉపాయం పట్టాను. కారులో నేను మాట్లాడను. మాటల బదులు పాటలుంటాయి. ఆయనకి పాటలంటే ప్రాణం. నేనెక్కగానే ఆపేది బహుశా ఆ డొక్కు స్పీకర్ల చప్పుడు నా ముందు నామోషీ అనిపించే కావచ్చు. శబ్దం పెంచితే డోర్లు గిలగిల కొట్టుకుంటాయి మరి. అది బాగుచేయిస్తే ఆయన ఆపడు, నేను నోరు మూసుకుంటాను, ఇద్దరం సుఖంగా ఉంటాం. ఆయనకి చెప్పకుండా చేయించాలని, నాకు కాలేజీ సెలవున్న రోజు కారు నేనే తీసుకుని బయలుదేరాను.

హంటర్ రోడ్ పక్క వీధిలో జహీరుద్దీన్ గారని ఒకాయన కార్లకి సౌండ్ పని చేస్తాడని మా కాలేజీ ల్యాబ్ అసిస్టెంట్ చెప్పింది. అరవై దాటిన మనిషి, ఒక్కడే పనిచేసుకుంటాడు. ఒకప్పుడు టేప్ రికార్డర్లు బాగుచేసేవాడట. నేను వెళ్లి, గట్టిగా మోగే స్పీకర్లు పెట్టమని అడిగితే, గట్టిగా మోగేది కావాల్నా, మంచిగ పాడేది కావాల్నా ముందు తేల్చుకోమన్నాడు. నేను మంచిగా పాడేది అన్నాను. అప్పుడు కూర్చోమని స్టూల్ వేశాడు.

ఆ రోజంతా నేను అక్కడే కూర్చుని చూశాను. చూసే కొద్దీ ముచ్చటేసింది. ముందు డోర్ లోపలి అట్ట ఊడదీసి, రేకు మీద వేళ్ల కణుపులతో కొట్టి వినిపించాడు. ఖాళీ నూనె డబ్బాలా మోగింది. దాని మీద నల్లటి మందపాటి షీట్లు అంటించి, చిన్న రోలర్‌తో గాలి బుడగ మిగలకుండా నొక్కాడు. మళ్లీ కొడితే రోకలి మీద కొట్టినట్టు మూగగా వినిపించింది. గిలగిల కొట్టుకున్నది స్పీకర్ కాదట, ఆ రేకేనట. తర్వాత పాత స్పీకర్ తీసి నా చేతిలో పెట్టాడు. పల్చటి కాగితం, అప్పడమంత బరువు కూడా లేదు. కంపెనీవాళ్లు పెట్టేది ఇంతేనని, ఇది మాట్లాడుతుంది గాని పాడదని అన్నాడు.

డోర్లలో పెద్దవి, ముందు అద్దం పక్క స్తంభాల దగ్గర సన్నటి గొంతు కోసం చిన్నవి, డ్రైవర్ సీటు కింద ఒక యాంప్లిఫయర్ పెట్టాడు. డ్యాష్‌బోర్డులో ఉన్న కంపెనీ సెట్టు మాత్రం తీయనన్నాడు. స్టీరింగ్ మీది బటన్లు పోతాయట. ఒక్క వైరు కూడా కత్తిరించలేదు. పాతవన్నీ అట్టపెట్టెలో సర్ది పైన నా పేరు రాశాడు, రేపెప్పుడైనా కారు అమ్మితే మళ్లీ బిగించుకోవచ్చని. తన సామాను తిరిగి ఊడదీసే రోజు కోసం కూడా ఆలోచించి పెట్టే మనిషిని నేను మొదటిసారి చూశాను.

మధ్యలో స్క్రీన్ మీద ఏవో సెట్టింగులు తెరిచి ఆగిపోయాడు. శబ్దం ఏ వైపు ఎంత రావాలో చూపించే చుక్క ఒకటుంటుంది. అది మధ్యలో ఉండాల్సింది, కుడివైపు చివరికి జరిపి ఉంది. ఇన్నాళ్లూ ఎడమ స్పీకర్లు మోగనే లేదన్నమాట. ఎవరు చేశారని అడిగాడు. ఎవరి వేలో తగిలి ఉంటుందన్నాను. సగం పాట పోతుంటే చూసుకోలేదా అని మెత్తగా చీవాట్లు పెట్టి, చుక్కని మధ్యకి లాగాడు.

అంతా అయ్యాక నన్ను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి కళ్లు మూసుకోమన్నాడు. పాత సినిమా పాట ఏదో పెట్టాడు.

"పాడేటాయన ఎక్కడ కూసున్నడో వేలు పెట్టి చూపియ్యి బిడ్డా" అన్నాడు.

నేను వేలు చాపాను. కళ్లు తెరిచి చూస్తే నా వేలు స్టీరింగ్ పైన, అద్దం మధ్యలోకి చూపిస్తోంది. అక్కడ స్పీకరే లేదు. అయినా పాడేవాడు అక్కడే, నా ముందే కూర్చుని పాడుతున్నాడు. ఏ స్పీకర్ శబ్దం చెవికి ఎంత ఆలస్యంగా చేరాలో చిన్న పెట్టెతో సర్దితే అలా వస్తుందని జహీరుద్దీన్ గారు చెప్పాడు. ధ్వని పాఠం ఏటా చెప్పేదాన్ని, ఆ మాట నాకు తెలుసు. కానీ తెలియడం వేరు, ఆ గాయకుడు నా ముందు కూర్చుని పాడడం వేరు.

ఇక తాళం ఇస్తాడనుకుంటే ఇవ్వలేదు. ఎప్పుడూ నడిపేది ఎవరని అడిగాడు. మా ఆయన అన్నాను. అయితే ఆయన తల ఎత్తు, ఆయన సీటు దూరం వేరని, నడిపేవాళ్లు వచ్చి కూర్చుని వేలు చూపిస్తేనే బండి బయటికి పోతుందని, అది తన పద్ధతని చెప్పాడు. సర్‌ప్రైజ్ ఇంట్లో ఇద్దామనుకున్నాను. కానీ ఆ పద్ధతి నాకెంత నచ్చిందంటే, వెంటనే తేజకి ఫోన్ చేసి రమ్మన్నాను. ఐదింటికల్లా ఎవరి బండి మీదో వచ్చి దిగాడు. నేను తుమ్మాను.

సంగతి చెప్పేసరికి తేజ డోర్లు తెరిచి మూసి చూశాడు. నా కోసం చేయించావా అని మూడుసార్లు అడిగాడు. ఆ ముఖంలో సంతోషం చూసి, ఇక జీవితాంతం కారులో నోరు మూసుకోవడానికి నేను సిద్ధపడిపోయాను.

సీట్లో కూర్చుని కళ్లు మూసుకున్నాడు. పాట మొదలైంది. జహీరుద్దీన్ గారు అడిగిందే అడిగాడు. తేజ ఏమాత్రం తడబడకుండా వేలు చాపాడు. కుడివైపు అద్దంలోంచి బయటికి, పక్కషాపు మెట్ల వైపు.

జహీరుద్దీన్ గారు బానెట్ దగ్గరికి పోయి ఏదో చూసుకున్నాడు. వైర్లు తారుమారయ్యాయేమోనని సీటు కిందికి వంగి సరిచూశాడు. మళ్లీ పెట్టాడు. మళ్లీ మెట్లే. కుడి స్పీకర్ పూర్తిగా ఆపేసి, ఎడమది ఒక్కటే మోగించాడు. తేజ కళ్లు మూసుకునే, పాట ఎందుకు తగ్గించారని అడిగి, మళ్లీ కుడివైపే చూపించాడు. నాకు నవ్వొచ్చింది. ఆటపట్టిస్తున్నాడనుకున్నాను.

ఆ పెద్దాయన మాత్రం నవ్వలేదు. పాట ఆపి, చుట్టూ తిరిగి నేనెప్పుడూ కూర్చునే ఎడమ సీట్లో వచ్చి కూర్చున్నాడు. ఇంజన్ ఆన్ చేయించాడు, ఏసీ పెట్టించాడు. నిదానంగా, మామూలు గొంతుతో అన్నాడు.

"బేటా, కళ్లు తెరువు. అయిపోయింది."

తేజ కళ్లు తెరవలేదు. నవ్వుముఖంతో, "ఊ" అన్నాడు.

ఆ "ఊ" నాకు బాగా తెలుసు.

జహీరుద్దీన్ గారు తేజ భుజం మీద చెయ్యి వేసి, ఏసీ ఆపి, కుడిచెవికి వినపడేలా ముందుకు వంగి, ఎడమ చెవి పనిచేయదా అని అడిగాడు. తేజ కళ్లు తెరిచి ఏమీ దాచేది లేనట్టు మామూలుగా జవాబిచ్చాడు.

"ఎడమ చెవి పన్జెయ్యది చాచా. ఏడో తరగతిల జరమొచ్చి పోయింది. స్నేహకు ఎరికే. చెప్పలేదా మీకు?"

ఇద్దరూ నావైపు చూశారు. నేను స్టూల్ మీద కూర్చుండిపోయాను. తేజ నా ముఖం చూసి కారు దిగి వచ్చాడు.

"నీకు తెల్వదా?"

"నాకెవరు చెప్పిన్రు?"

తేజ అక్కడికక్కడే పరకాలకి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. మా అత్తమ్మ చెప్పింది వింటే విషయం బయటపడింది. సంబంధం మాట్లాడేటప్పుడు ఆమె దాచలేదు. అటూ ఇటూ తిరిగి సంబంధం కుదిర్చిన మొగిలయ్య తాతకి చెవి సంగతి పూసగుచ్చినట్టు చెప్పి, పిల్ల తండ్రికి, పిల్లకి చెప్పి వాళ్లేమన్నారో తీసుకురమ్మంది. ఇలాంటివి ఎదురెదురుగా చెప్పుకోవడం మా వైపు అలవాటు లేదు, మధ్యలో పెద్దమనిషి నోటితోనే పోవాలి. మొగిలయ్య తాత నాలుగు రోజులాగి వచ్చి, చెప్పిన, వాళ్లకేం ఫికర్ లేదు, పిల్ల కూడా ఫరక్ పడదన్నది అని చెప్పాడట. మా ఇంటికొచ్చి ఆయన చెప్పింది మాత్రం ఒక్కటే, పిల్లగాడు చాయ్ తప్ప ఏమీ తాగడని. మంచి సంబంధం ఎక్కడ చెడిపోతుందోనని మిగతాది తనే మింగేశాడు.

తన పరువు పోయినట్టు అత్తమ్మ ఫోన్లోనే బాధపడింది. నేను ఊరుకోబెట్టి పెట్టేశాను. అప్పటికి నా బుర్రలో పాలంపేట రోడ్డు మొత్తం వెనక్కి తిరుగుతోంది.

"మరి రామప్ప పోయిన రోజు ములుగు దాక మాట్లాడిన కద. ఏమనుకున్నవ్?" అని అడిగాను.

తేజ చెవి మీద గోక్కున్నాడు. "ఇంజన్ సప్పుడుల మాటలు తెలువయి స్నేహా. గొంతు ఒక్కటి వస్తది. నువ్వు పాడుకుంటున్నవేమో అనుకున్న. మంచిగనిపించింది."

"నేనెక్కంగనే పాటెందుకు బంద్ చేస్తవ్ మరి?"

"పాట ఉంటే నీ గొంతు కూడ రాదు కద."

రెండు నెలలుగా ఆయన పాట ఆపింది నా కోసం. దాన్ని చూసి నేను ఆయన చెవిలో మోత పెంచడానికి కారు తెచ్చి ఇక్కడ పెట్టాను. కుడికి జరిపిన ఆ చుక్క ఎవరి వేలో తగిలి జరిగింది కాదు. ఎడమ పక్క సీటు నుంచి నేను అడిగిన ప్రశ్నకి ఆయన అన్న "ఊ" జవాబూ కాదు. విసిగిస్తున్నానా అని అడిగానని చెప్తే ఆయన ముఖం చూడాలి. ఆ "ఊ"ని ఎక్కడో పట్టుకుని వెనక్కి లాగేసేలా ఉన్నాడు.

కానీ వెంటనే ఆ ముఖంలో ఇంకేదో వచ్చింది. గొంతు తగ్గించాడు.

"నాకు అమ్మ వచ్చి చెప్పింది, పిల్ల ఫరక్ పడదన్నదట అని. గా మాటకే నిన్ను చేసుకోవాలని గట్టిగ అనుకున్న. ఇంట్ల నువ్వెప్పుడూ అడగకపోతే, నా మనసు నొప్పియ్యొద్దని అడుగుతలేవనుకున్న. రోజూ మనసుల దండం పెట్టుకున్న. గా మాట నువ్వు అననే లేదు కద. ఇప్పుడు చెప్పు మరి."

జహీరుద్దీన్ గారు డోర్ దగ్గర ఏదో పని ఉన్నట్టు అటు తిరిగిపోయాడు.

పెళ్లిచూపుల రోజు ఎవరైనా నన్ను ఆ ప్రశ్న అడిగి ఉంటే ఏమనేదాన్నో నాకు నిజంగా తెలియదు. మా నాన్న ఏమనేవాడో అసలు తెలియదు. కానీ అడిగింది ఇప్పుడు. తేజ చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని, కుడిచెవి నావైపు కొద్దిగా తిప్పి నిలబడ్డాడు. ఆ కొద్దిపాటి తిప్పడం నేను రెండు నెలలుగా చూస్తున్నదే, ప్రేమగా వాలడం అనుకున్నదే. అదీ ఇదీ ఒకటేనని అప్పుడు అనిపించింది.

"ఫరక్ పడుతది" అన్నాను. ఆయన కళ్లు కిందికి వాలాయి. "రెండు నెలలు చెప్పినయన్నీ మళ్ల మొదటి నుంచి చెప్పాలె. పత్తి లారీ కథ ఎంత పెద్దదో నీకు తెల్వది."

తేజ నవ్వడానికి కొంచెం టైం పట్టింది. నవ్వాక ఇక ఆగలేదు. అటు తిరిగి ఉన్న పెద్దాయన భుజాలు కూడా కదలడం చూశాను.

తర్వాత ఆయన తన పని మళ్లీ మొదటికి తెచ్చుకున్నాడు. చుక్కని కుడికి జరిపితే ఎడమ స్పీకర్‌లో మాత్రమే వచ్చే వాయిద్యాలన్నీ పాటలోంచి పోతాయట. అందుకని రెండు వైపుల శబ్దాన్నీ ముందే ఒకటిగా కలిపి, ఆ మొత్తాన్నీ కుడి పక్క స్పీకర్ల నుంచే వచ్చేలా సర్దాడు. ఈ కొలత ఇంకెవరికీ పనికిరాదని, తేజ చెవికి కుట్టిన చొక్కా లాంటిదని అన్నాడు. తేజ మళ్లీ కూర్చుని కళ్లు మూసుకున్నాడు. అదే పాట. పల్లవి అయ్యాక ఆయన నుదురు ముడిపడింది.

"గిదేంది, వేణువు ఉన్నదా దీంట్ల?"

కారు కొన్నప్పటి నుంచి వింటున్న పాటట. కారులో కొన్ని వందలసార్లు విన్నాడట. వేణువు మాత్రం ఇదే మొదటిసారి. చరణం మొత్తం కదలకుండా విన్నాడు. కళ్లు తెరిచేసరికి తడిగా ఉన్నాయి. దిగి వచ్చి జహీరుద్దీన్ గారి చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, ఏం చెప్పాలో తెలియక, చాయ్ తాగుదాం రమ్మన్నాడు. ఆయన వేణువు ఊదినవాడికి చెప్పుకోమన్నాడు, తను తలుపు తీశానంతే అన్నాడు. నేను మాత్రం ఆ రోజు నుంచి ఆయన్ని తలుచుకోని రోజు లేదు. వేలు చూపించకుండా బండి బయటికి పోనివ్వని ఆ మొండితనం లేకపోతే, నేను కారులో ఎన్నేళ్లు నోరు మూసుకుని ఉండేదాన్నో.

బయలుదేరేముందు తేజ అడిగాడు, నా గొంతుక్కూడా ఏదైనా చేయగలరా అని. ఆడపిల్లకి యాంప్లిఫయర్ బిగించే విద్య తనకి రాదని, తెలిసినా చెయ్యనని పెద్దాయన అన్నాడు. అప్పుడే నాకు తట్టింది. తేజ చేతిలోంచి తాళం తీసుకుని డ్రైవర్ సీట్లో కూర్చున్నాను. తేజ కాసేపు చూసి, అర్థమై, నా సీట్లోకి వచ్చాడు. ఇప్పుడు ఆయన కుడిచెవి నావైపు ఉంది.

హంటర్ రోడ్ ఎక్కగానే చెప్పడం మొదలుపెట్టాను. వచ్చే వారం నర్సంపేట పోదాం, అమ్మ పిలిచింది, ఇలాగే నేనే నడుపుతాను అన్నాను. "ఊ" కోసం అలవాటుగా ఆగాను.

"వద్దు" అన్నాడు తేజ. "ఆ రోడ్డంత లారీలు. నేను నడుపుత."

"నువ్వు నడిపితే నా మాట వినవడదు కద."

"అక్కడ దిగినంక మాట్లాడు."

"గంటన్నర నోరు మూసుకోవాల్నా?"

"నీ గేర్లు మార్చుడు నాకు భయమైతది స్నేహా. నిజం చెప్తాన. క్లచ్ మీదికెళ్లి కాలు తియ్యవు."

పెళ్లయ్యాక ఆయన నా మాట కాదనడం అదే మొదలు. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఆయన క్లచ్ గురించి ఒకటంటే నేను రెండన్నాను. మా నాన్న నాకు ట్రాక్టర్ మీద నేర్పాడన్నాను. అందుకే ఇట్ల నడుపుతున్నవా అన్నాడు. అదాలత్ చౌరస్తాలో సిగ్నల్ పడితే ఆగి, ఒకరివైపు ఒకరం పూర్తిగా తిరిగి వాదించుకున్నాం. సిగ్నల్ పచ్చబడింది. వెనక ఆటో హారన్ కొడుతూనే ఉంది. ఇద్దరికీ వినపడింది గాని, ముందు ఈ నర్సంపేట సంగతి తేలాలి కదా.